అమెరికాలో మొదటి సెమిస్టర్: ఏ ప్రశ్న ఎవరిని అడగాలి?

ఈరోజు ఎపిసోడ్ అమెరికాకి ఎమ్మెస్ చేయడానికి కొత్తగా వెళ్తున్నవాళ్ల కోసం. వెళ్లి నెల కూడా కానివాళ్లు ఉంటే మీరు కూడా చివరిదాకా ఉండండి, మీకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

కుక్కర్ ఏ సైజుది తీసుకెళ్లాలి, ఆవకాయ సీసా లీక్ అవ్వకుండా ఎలా చుట్టాలి, 23 కిలోల సూట్‌కేసులో ఏమేం పడతాయి, వీటి మీద వీడియోలు బోలెడు ఉన్నాయి. అవి నేను మళ్లీ చెప్పను. కుక్కర్ మర్చిపోతే అక్కడ కొనుక్కుంటారు, అంతే. ఈరోజు మనం మాట్లాడుకునేది తేడా వస్తే మళ్లీ కొనుక్కోలేని వాటి గురించి. అంటే మీ వీసా స్టేటస్, మీ డిగ్రీ, మీ ఆరోగ్యం, మీ పేరు మీద ఉండే రికార్డు.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3 లక్షల 31 వేల పైనే. ఆ ఏడాది చైనాని దాటి మనమే మొదటి స్థానంలోకి వచ్చాం. అందులో తెలుగువాళ్లు ఎక్కువే. దీనివల్ల మనకి ఒక పెద్ద లాభం ఉంది. ఏ ఊరికి వెళ్లినా ఒక సీనియర్ ఉంటారు, ఒక వాట్సాప్ గ్రూప్ ఉంటుంది. ఎయిర్‌పోర్టుకి కారు వస్తుంది. మొదటి రాత్రి ఎవరో ఒకరి రూమ్‌లో పప్పన్నం దొరుకుతుంది. ఇది చిన్న సాయం కాదండి, ఎప్పటికీ మర్చిపోకూడదు.

కానీ దీంతోపాటు ఒక అలవాటు కూడా వచ్చేస్తుంది. ఏ డౌట్ వచ్చినా గ్రూపులో పడేయడం, ఎవరు ముందు రిప్లై ఇస్తే అదే ఫైనల్ అనుకోవడం. "అన్న చెప్పాడు, ఏం కాదంట" అనే మాట మీద ఎంతమంది నిర్ణయాలు తీసుకుంటారో! సమస్య అక్కడే మొదలవుతుంది.

ఒక చిన్న లెక్క

ఏ ప్రశ్న వచ్చినా ముందు ఇది ఆలోచించండి: ఈ జవాబు తప్పైతే నాకు ఎంత నష్టం?

నష్టం ఇరవై, యాభై డాలర్లయితే సీనియర్‌ని అడగండి. పరుపు ఎక్కడ కొనాలి, సోనామసూరి ఏ స్టోర్‌లో చవక, ఏ ఫోన్ ప్లాన్ బాగుంటుంది, బస్ పాస్ ఎలా తీసుకోవాలి, చలికోటు ఇప్పుడే కొనాలా ఆగాలా. వీటికి సీనియర్ కన్నా బాగా చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

నష్టం వీసా అయితే, డిగ్రీ అయితే, రికార్డు అయితే, అది చెప్పడానికి జీతం తీసుకుని కూర్చున్న మనిషి మీ క్యాంపస్‌లో ఒకరు ఉంటారు. వాళ్లనే అడగాలి. వీసా సంగతికి డీఎస్ఓ. కోర్సుల సంగతికి అకడమిక్ అడ్వైజర్. మార్కులు, అసైన్‌మెంట్ల సంగతికి ప్రొఫెసర్. ఆరోగ్యానికి స్టూడెంట్ హెల్త్ సెంటర్. మీరు కట్టే ఫీజులో వీళ్లందరి జీతం కూడా ఉందండి. అడగకపోతే మీ డబ్బులే వేస్ట్.

అడగందే అమ్మైనా పెట్టదు అంటాం కదా. మరి మనం ఎందుకు అడగం? మొహమాటం. మన కాలేజీల్లో ఆఫీసు రూమ్ అంటేనే భయం. క్లర్క్ విసుక్కుంటారు, సార్‌ని ప్రశ్న అడిగితే "ఇది కూడా తెలీదా" అంటారు. పన్నెండేళ్లు స్కూలు, నాలుగేళ్లు బీటెక్ ఆ వాతావరణంలోనే చదివాం. ఆ భయాన్ని సూట్‌కేసులో పెట్టుకుని వెళ్తాం. అక్కడ పద్ధతి పూర్తిగా వేరు. అడిగిన స్టూడెంట్‌ని సీరియస్‌గా చదువుకుంటున్నాడు అనుకుంటారు. అడగనివాడికి అన్నీ తెలుసు అనుకుని వదిలేస్తారు.

డీఎస్ఓ అంటే పోలీసు కాదు

డీఎస్ఓ అంటే మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో పనిచేసే ఉద్యోగి. మీ ఐ-20 ఇచ్చేది ఆ ఆఫీసే. మీ వివరాలు సెవిస్ అనే ప్రభుత్వ సిస్టమ్‌లో అప్‌డేట్ చేసేది కూడా వాళ్లే.

ఎఫ్-1 వీసా రూల్స్ గమనిస్తే, చాలావాటిలో ఒక మాట కామన్‌గా ఉంటుంది. అది "ముందు". సబ్జెక్ట్ డ్రాప్ చేసి ఫుల్‌టైమ్ కన్నా తగ్గే ముందు డీఎస్ఓ అనుమతి తీసుకోవాలి. ఇంటర్న్‌షిప్‌లో చేరే ముందు సీపీటీ అనుమతి రావాలి. సెలవులకి ఇండియా వచ్చే ముందు ఐ-20 మీద ట్రావెల్ సంతకం ఉందో లేదో చూసుకోవాలి. వేరే యూనివర్సిటీకి మారే ముందు ట్రాన్స్‌ఫర్ గురించి మాట్లాడాలి. ముందు అడిగితే ఇవన్నీ మామూలు కాగితం పనులు. చేసేసి తర్వాత చెబితే చాలాసార్లు వాళ్ల చేతిలో కూడా ఏమీ ఉండదు. సెవిస్‌లో ఉన్న పరిస్థితి రిపోర్ట్ చేయడం వాళ్ల డ్యూటీ.

అందుకే ఇంకో మాట కూడా చెప్పాలి. ఇప్పటికే ఏదైనా తప్పు జరిగిపోయి ఉంటే, ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. డీఎస్ఓ మీకు సాయం చేస్తారు, కానీ మీ లాయర్ కాదు. స్టూడెంట్స్‌కి ఉచితంగానో తక్కువ ఖర్చుతోనో లీగల్ సలహా ఇచ్చే ఆఫీసు కొన్ని క్యాంపస్‌లలో ఉంటుంది, మీ దగ్గర ఉందేమో చూడండి.

వెళ్లగానే చేయాల్సినవి చెప్తాను. ఐ-20లో ఉన్న ప్రోగ్రామ్ ప్రారంభ తేదీకి 30 రోజుల కన్నా ముందు అమెరికాలో దిగకూడదు. పాస్‌పోర్టు, ఐ-20, సెవిస్ ఫీజు రసీదు, లోన్ కాగితాలు హ్యాండ్ బ్యాగులోనే పెట్టుకోండి. చెక్-ఇన్ సూట్‌కేసులో పెడితే, ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర అవి మీ చేతిలో ఉండవు. దిగాక ఐ-94 రికార్డు ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకుని పేరు, పుట్టిన తేదీ, వీసా క్లాస్ ఎఫ్-1 అని సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి.

పేరు దగ్గర మనవాళ్లకి ఒక స్పెషల్ తలనొప్పి ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడివిడిగా లేకుండా మొత్తం ఒకే గడిలో ఉంటే, అమెరికా కాగితాల్లో మొదటి పేరు దగ్గర "ఎఫ్ఎన్‌యు" అని పడుతుంది. పేరు తెలియదు అని దాని అర్థం. తర్వాత బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో అదే పేరై కూర్చోవచ్చు. ఇంకా ఇండియాలో ఉన్నవాళ్లు, వీసా స్లాట్ కన్నా ముందే పాస్‌పోర్టులో ఈ రెండు గడులు చూసుకోండి.

తర్వాత ఇంటర్నేషనల్ ఆఫీసులో చెక్-ఇన్ చేయాలి. రూమ్ మారితే 10 రోజుల్లో కొత్త అడ్రస్ అప్‌డేట్ చేయాలి. మనవాళ్లు మొదటి నెలలో రెండు మూడు రూమ్‌లు మారతారు, ఇది మాత్రం మర్చిపోతారు. ఫుల్‌టైమ్ అంటే ఎమ్మెస్‌కి చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు. పూర్తిగా ఆన్‌లైన్‌లో జరిగే కోర్సుల్లో సెమిస్టర్‌కి ఒక్కటి, అంటే 3 క్రెడిట్ల వరకే ఆ లెక్కలోకి వస్తుంది. "ఆన్‌లైన్ కోర్సులు ఈజీ, రెండు తీసుకో" అని గ్రూపులో ఎవరైనా అంటే ఈ విషయం గుర్తు తెచ్చుకోండి.

ఈ రూల్స్ మారుతూ ఉంటాయి. అందుకే నేను చెప్పిన అంకెల కన్నా, అడగాల్సింది ఎవరిని అనేది గట్టిగా గుర్తుపెట్టుకోండి. అడిగేది ఈమెయిల్‌లో అడగండి. రాతలో ఉన్న జవాబు రేపు మీకు రుజువు. కారిడార్‌లో ఎవరో అన్న మాటకి రుజువు లేదు.

"అందరూ చేస్తున్నారు కదా"

ఇక పార్ట్‌టైమ్ ఉద్యోగం. ఇది సున్నితమైన విషయం. లోన్ నలభై, యాభై లక్షలు ఉంటుంది. ఇంట్లో పొలమో, ప్లాటో తాకట్టులో ఉంటుంది. నెల నెలా రెంటు కట్టాలి. అప్పుడు ఎవరో వచ్చి "గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ ఉంది, క్యాష్ ఇస్తారు, ఎవరికీ తెలీదు" అంటారు. అలాంటి పరిస్థితిలో మనసు లాగడం సహజమే. అయినా రూల్ ఏంటో స్పష్టంగా తెలుసుకోండి.

ఎఫ్-1 మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయొచ్చు. రెండు చోట్ల చేసినా మొత్తం కలిపి 20. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు. లైబ్రరీ, డైనింగ్ హాల్, ల్యాబ్ అసిస్టెంట్, గ్రేడర్, ఇలాంటివి. క్యాంపస్ బయట పని చేయాలంటే మాత్రం అనుమతి ఉండాల్సిందే. చదువు అయ్యాక ఓపీటీ 12 నెలలు, స్టెమ్ డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు పొడిగింపు అడగొచ్చు.

అనుమతి లేకుండా బయట పని చేస్తే ఏమవుతుందో గ్రూపులో ఎవరూ చెప్పరు. మామూలుగా ఏదో కారణం వల్ల స్టేటస్ పోతే, దాన్ని తిరిగి ఇవ్వమని అడగడానికి రీఇన్‌స్టేట్‌మెంట్ అని ఒక దారి ఉంది. అనుమతి లేకుండా పని చేసినవాళ్లకి ఆ దారి కూడా మూసేసి ఉంటుంది. అంటే గంటకి పది డాలర్ల కోసం, యాభై లక్షల డిగ్రీని పందెంలో పెట్టినట్టు. పైగా క్యాష్ ఇచ్చే యజమాని జీతం ఎగ్గొట్టినా, ఎక్కువ గంటలు చేయించినా మీరు బయటికి వెళ్లి ఫిర్యాదు చేయడానికి భయపడతారు. ఆ సంగతి ఆయనకి కూడా తెలుసు.

"అందరూ చేస్తున్నారు కదా" అనే మాట ఎంత ప్రమాదమో మనకి తెలియనిది కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీని మూసేసినప్పుడు అందులో ఎక్కువమంది భారతీయులు, చాలామంది తెలుగువాళ్లు. కొంతమంది కాళ్లకి రేడియో ట్యాగులు కూడా పెట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది. అది అసలు యూనివర్సిటీయే కాదు. ఇమ్మిగ్రేషన్ ఏజెంట్లే నకిలీగా నడిపారు. క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. అందులో చేరినవాళ్లు దాదాపు 600 మంది, ఎక్కువమంది మనవాళ్లే. వాళ్లని చేర్పించారని ఎనిమిది మంది మీద కేసు పెట్టారు. ఆ ఎనిమిది మందీ భారతీయులు లేదా భారత మూలాలు ఉన్నవాళ్లే. "మా ఫ్రెండ్స్ అందరూ చేరారు" అన్న మాట ఆరోజు ఎవరికీ అక్కరకు రాలేదు.

క్యాంపస్ జాబ్ వస్తే మీకు ఎస్ఎస్ఎన్, అంటే సోషల్ సెక్యూరిటీ నంబర్ వస్తుంది. దానికి ఉద్యోగం ఇచ్చిన డిపార్ట్‌మెంట్ లెటర్, డీఎస్ఓ లెటర్ కావాలి. జాబ్ లేకపోతే కంగారు పడక్కర్లేదు, ఎస్ఎస్ఎన్ లేకుండా చాలా బ్యాంకుల్లో అకౌంట్ తెరుస్తారు. ఇంకొకటి, మీకు ఒక్క డాలర్ ఆదాయం లేకపోయినా 8843 అనే ఫారం ఏటా నింపి ఐఆర్ఎస్‌కి పంపాలి. చాలామందికి ఈ సంగతే తెలియదు. ఫిబ్రవరి, మార్చిలో ఇంటర్నేషనల్ ఆఫీసు దీని మీద వర్క్‌షాప్ పెడితే వెళ్లండి.

క్లాసులో: ఫ్రెండ్‌కి కోడ్ ఇవ్వడం సాయం కాదు

మన దగ్గర రికార్డులు ఒకరివి చూసి ఒకరు రాసుకోవడం మామూలు. ల్యాబ్ ఎగ్జామ్ ముందు రోజు రాత్రి ఒకే ప్రోగ్రామ్ హాస్టల్ మొత్తం తిరుగుతుంది. అడిగితే ఇవ్వకపోవడమే తప్పు. అక్కడ ఇదే పని అకడమిక్ ఇంటెగ్రిటీ కేసు అవుతుంది. కాపీ కొట్టినవాళ్లకే కాదు, ఇచ్చినవాళ్లకి కూడా శిక్ష ఉంటుంది.

దొరకం అనుకోవద్దు. వ్యాసాలకి టర్నిటిన్ ఉంది. ప్రోగ్రామింగ్‌కి మాస్ అని స్టాన్‌ఫోర్డ్‌లో నడిచే టూల్ ఉంది. వేరియబుల్ పేర్లు మార్చినా, కామెంట్లు తీసేసినా కోడ్ నిర్మాణాన్ని పోల్చి పట్టేస్తుంది. మొదటిసారి అయితే ఆ అసైన్‌మెంట్‌కి సున్నా పడొచ్చు, కోర్సే ఫెయిల్ అవ్వొచ్చు. పెద్ద కేసైతే సస్పెన్షన్. సస్పెన్షన్ అంటే ఫుల్‌టైమ్ స్టూడెంట్ కాదు, అంటే మళ్లీ వీసా సమస్య. చూశారా, ఒక అర్ధరాత్రి పంపిన జిప్ ఫైల్ ఎక్కడిదాకా వెళ్తుందో.

మరి ఫ్రెండ్ అడిగితే ఏం చేయాలి? "కోడ్ ఇవ్వలేను రా, కానీ ఎక్కడ ఆగిపోయావో చెప్పు, ఆ కాన్సెప్ట్ కూర్చుని చెప్తాను" అనండి. కలిసి చర్చించడం ఎంతవరకు ఓకే అనేది సాధారణంగా సిలబస్‌లో రాసి ఉంటుంది. చాట్‌జీపీటీ లాంటివి వాడొచ్చా లేదా అనేది కూడా ఒక్కో కోర్సుకి ఒక్కోలా ఉంటుంది. ఒక ప్రొఫెసర్ వాడమన్నారు కదా అని ఇంకో కోర్సులో వాడేయకండి. సిలబస్ అంటే మన దగ్గర యూనిట్ల లిస్టు. అక్కడ అది దాదాపు అగ్రిమెంట్. మార్కుల విభజన, డెడ్‌లైన్లు, లేట్ అయితే ఎంత కోత, అన్నీ అందులోనే ఉంటాయి. మొదటి వారంలో పూర్తిగా చదివి, డేట్లన్నీ ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి.

ఆఫీస్ అవర్స్ అనే టైమ్ కూడా సిలబస్‌లోనే ఉంటుంది. ఆ టైమ్‌లో ప్రొఫెసర్ మీ కోసమే రూమ్‌లో కూర్చుంటారు. మొదటి రెండు వారాల్లోనే ఒకసారి వెళ్లండి. పెద్ద ప్రశ్న అక్కర్లేదు. పేరు చెప్పి, ఫలానా లెక్చర్‌లో ఈ స్లైడ్ దగ్గర అర్థం కాలేదు అంటే చాలు. తర్వాత రీసెర్చ్ అసిస్టెంట్ పోస్టు ఉన్నప్పుడు, రికమెండేషన్ లెటర్ కావాల్సినప్పుడు మీ ముఖం వాళ్లకి గుర్తుంటుంది.

మాటల దగ్గర రెండు చిన్న సంగతులు. మనం "ఐ హావ్ ఎ డౌట్" అంటాం. వాళ్లకి అది మీరు చెప్పింది నాకు నమ్మకం లేదు అన్నట్టు వినిపించొచ్చు. "క్వశ్చన్" అనండి. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2024" అంటే డిగ్రీ పూర్తయింది అని మన ఉద్దేశం, కళ్లు తిరిగి పడిపోయాను అని వాళ్లకి అర్థమవుతుంది. "గ్రాడ్యుయేటెడ్" అనండి. ఈమెయిల్‌లో "రెస్పెక్టెడ్ సర్" బదులు ప్రొఫెసర్ అని, పక్కన వాళ్ల ఇంటిపేరు రాస్తే చాలు.

చాలా యూనివర్సిటీల్లో ఎమ్మెస్‌లో ఉండాలంటే జీపీఏ 3.0 తగ్గకూడదు. తగ్గితే ప్రొబేషన్. మిడ్‌టర్మ్‌లో మార్కులు తగ్గాయంటే ఆ వారమే ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లండి. ఫైనల్స్ అయ్యాక వెళ్తే చేసేదేమీ ఉండదు.

రూమ్, రెంటు, తాలింపు

ఇల్లు చూడకుండా, ఎవరో ఆన్‌లైన్‌లో ఫోటో పెట్టారని ఇండియా నుంచి అడ్వాన్స్ పంపకండి. అక్కడ మీకు తెలిసినవాళ్లు వెళ్లి చూశాకే పంపండి. కొత్త ఊళ్లో మొదటి రెండు వారాలు టెంపరరీగా ఉండి, చూసి తీసుకోవడం మంచిది.

లీజు మీద నలుగురూ సంతకం పెడితే, చాలా లీజుల్లో మొత్తం రెంటుకి ప్రతి ఒక్కరూ బాధ్యులే. అంటే ఒక ఫ్రెండ్ మధ్యలో వేరే ఊరు వెళ్లిపోతే, అతని వాటా కూడా మిగిలిన ముగ్గురి నెత్తిన పడుతుంది. సంతకం పెట్టే ముందు ఆ లైను ఎక్కడుందో వెతకండి. తాళాలు తీసుకున్న రోజే గోడలు, కార్పెట్, స్టవ్, బాత్రూమ్ అన్నీ ఫోన్‌లో వీడియో తీసి, లీజింగ్ ఆఫీసుకి ఈమెయిల్ చేయండి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ వెనక్కి రావాలంటే అదే ఆధారం.

ఇంకా, మన తాలింపు. నూనె కాగి ఎండుమిర్చి వేయగానే స్మోక్ డిటెక్టర్ మోగుతుంది. కొంతమంది దానికి ప్లాస్టిక్ కవర్ చుట్టేస్తారు, బ్యాటరీ తీసేస్తారు. దయచేసి అలా చేయొద్దు. చాలా ఇళ్లు చెక్కతో కట్టినవి, నిప్పు అంటుకుంటే నిమిషాల్లో పాకుతుంది. పైగా డిటెక్టర్‌ని చెడగొట్టడం లీజు ఉల్లంఘన. చిమ్నీ ఫ్యాన్ వేసి, కిటికీ తెరిచి, మంట తగ్గించి తాలింపు పెట్టుకోండి.

ఒంట్లో బాలేకపోతే, మనసు బాలేకపోతే

చాలామందికి ఇన్సూరెన్స్ కార్డు ఉంటుంది, దాని మీద ఏం రాసుందో తెలియదు. డిడక్టిబుల్ అంటే ఇన్సూరెన్స్ మొదలయ్యే ముందు మీ జేబులోంచి కట్టాల్సింది. కోపే అంటే ప్రతిసారీ మీరు కట్టే చిన్న వాటా. ఇన్-నెట్‌వర్క్ అంటే మీ ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్. ఈ మూడూ తెలిస్తే బిల్లు చూసి గుండె ఆగదు.

జ్వరం, దగ్గు లాంటివైతే ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్. రాత్రో, వీకెండో అయితే అర్జెంట్ కేర్. ఎమర్జెన్సీ రూమ్ ఖర్చు చాలా ఎక్కువ. కానీ ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పడం లాంటివి ఉంటే బిల్లు గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 911కి కాల్ చేయండి. ఆలస్యం చేసి ప్రాణం మీదకి తెచ్చుకోవద్దు.

మనసు సంగతి కూడా ఇంతే ముఖ్యం. మొదటి నెల కొత్తగా, హుషారుగా ఉంటుంది. నవంబర్ వచ్చేసరికి గడియారం గంట వెనక్కి జరుపుతారు, సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. మిడ్‌టర్మ్‌లు, చలి, ఇంటర్న్‌షిప్‌లకి రిజెక్ట్ మెయిల్స్, ఈఎమ్ఐ లెక్కలు. హైదరాబాద్‌లో తెల్లారే టైమ్‌కి ఫోన్ చేసి, అమ్మ "తిన్నావా" అంటే "బాగానే ఉన్నానమ్మా" అని పెట్టేస్తారు. తర్వాత నిద్ర పట్టదు, క్లాసుకి వెళ్లాలనిపించదు, ఎవరితోనూ మాట్లాడాలనిపించదు.

ఇలా రెండు వారాలు ఉందంటే క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లండి. చాలా యూనివర్సిటీల్లో కొన్ని సెషన్లు ఉచితం. వెళ్లినంత మాత్రాన మీ వీసాకేం కాదు, ఇంటికి ఫోన్ చేసి చెప్పరు. బతకాలని లేదు అనిపించేంత భారంగా ఉంటే 988కి కాల్ గానీ మెసేజ్ గానీ చేయండి, ఏ టైమ్‌లో అయినా మనిషి పలుకుతారు. ఆరోగ్య కారణాల వల్ల చదువు భారం తగ్గించుకోవడానికి కూడా వీసా రూల్స్‌లో దారి ఉంది. మళ్లీ అదే మాట, డ్రాప్ చేసే ముందు డీఎస్ఓని అడగాలి. రూమ్మేట్ తిండి మానేసి గదిలోంచి బయటికి రావట్లేదంటే "మూడీగా ఉన్నాడులే" అని వదిలేయకండి, తలుపు కొట్టండి.

ఫోన్‌లో వచ్చే మోసాలు

"ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ మీద వారెంట్ ఉంది, ఫోన్ పెట్టేయకుండా గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి." ఈ కాల్ కొత్త స్టూడెంట్స్‌కే ఎక్కువ వస్తుంది. మీ పేరు, యూనివర్సిటీ కూడా చెప్తారు. ఏ ప్రభుత్వ ఆఫీసూ గిఫ్ట్ కార్డుల్లో డబ్బు అడగదు. ఫోన్ పెట్టేసి, ఇంటర్నేషనల్ ఆఫీసుకో క్యాంపస్ పోలీసుకో చెప్పండి.

ఇంకొకటి, "మీ ట్యూషన్ ఫీజు మేం కడతాం, మీరు పది శాతం తక్కువ ఇవ్వండి". వాళ్లు దొంగిలించిన కార్డుతో కడతారు. పోర్టల్‌లో కట్టినట్టు కనిపిస్తుంది, మీరు డబ్బు పంపేస్తారు, కొన్ని రోజులకి ఆ పేమెంట్ వెనక్కి పోతుంది. గ్రూపుల్లో ముక్కూ ముఖం తెలియనివాళ్లతో రూపాయలకి డాలర్లు మార్చుకోవడం కూడా ఇలాంటిదే. మీ అకౌంట్‌లోకి వచ్చిన డాలర్లు ఎవరివో మీకు తెలియదు. బ్యాంకు అకౌంట్ మూసేయొచ్చు, కేసు దాకా కూడా వెళ్లొచ్చు.

షాపులో సెల్ఫ్ చెకౌట్ దగ్గర ఒక్క వస్తువు కూడా స్కాన్ చేయకుండా బ్యాగులో వేసుకోవద్దు. చిన్న దొంగతనం కేసు కూడా తర్వాత వీసా స్టాంపింగ్‌లో ముందుకొస్తుంది.

అమ్మానాన్నలకి ఒక మాట

ఈ వీడియో చూస్తున్న పేరెంట్స్‌కి కూడా చెప్పాలి. అమెరికాలో ఫెర్పా అనే చట్టం ఉంది. పిల్లలు ఒప్పుకుంటే తప్ప యూనివర్సిటీ మార్కులు మీకు చెప్పదు. ప్రోగ్రెస్ కార్డు ఇంటికి రాదు. కాబట్టి మీకు తెలిసేది పిల్లలు చెప్పినంత వరకే. "పార్ట్‌టైమ్ దొరికిందా, పక్కింటి అబ్బాయికి దొరికిందంట కదా" అని ప్రతి ఫోన్‌లో అడిగితే, వాళ్లు రూల్ దాటి పని వెతుక్కుంటారు, లేదా మీకు నిజం చెప్పడం మానేస్తారు. వెళ్లే ముందే కూర్చుని, మొదటి ఏడాది ఖర్చుకి క్యాంపస్ జాబ్ దొరకకపోయినా సరిపోయేలా లెక్క వేసుకోండి. "ఏదైనా తేడా జరిగితే ముందు మాకు చెప్పు, తిట్టం" అని ఒక్క మాట చెప్పి పంపండి. ఆ మాట సూట్‌కేసులో పెట్టే అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుంది.

చివరిగా, ఈ వారమే చేయాల్సిన పని ఒకటి. ఫోన్ తీసి ఆరు కాంటాక్ట్‌లు సేవ్ చేసుకోండి: మీ డీఎస్ఓ ఆఫీసు, అకడమిక్ అడ్వైజర్, హెల్త్ సెంటర్, కౌన్సెలింగ్ సెంటర్, క్యాంపస్ పోలీస్, అమెరికాలో మీకు బాగా నమ్మకమైన ఒక మనిషి. తర్వాత డీఎస్ఓకి ఒక ఈమెయిల్ రాయండి. "నేను కొత్తగా చేరుతున్నాను, చెక్-ఇన్‌కి ఏమేం తీసుకురావాలి?" అంతే, ఒక్క లైను. మొదటి ప్రశ్న ఇలా చిన్నదైతే, రేపు పెద్ద ప్రశ్న వచ్చినప్పుడు మొహమాటం అడ్డురాదు.

ఇంకో ఏడాదికి మీరే సీనియర్ అవుతారు. జూనియర్ ఫోన్ చేసి "అన్నా, ఈ కోర్సు డ్రాప్ చేయొచ్చా?", "అక్కా, క్యాష్ జాబ్ అంట, చేయనా?" అని అడుగుతారు. అప్పుడు మీకు తోచింది చెప్పేయకుండా డీఎస్ఓ మెయిల్ ఐడీ పంపండి. తర్వాత భోజనానికి రమ్మనండి.

మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఈ సీజన్‌లో ఫ్లైట్ ఎక్కుతుంటే వాళ్లకి ఇది ఫార్వర్డ్ చేయండి. మీ ప్రశ్నలు కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండి, జాగ్రత్త.